వీధి ఎవరిది?



పొద్దున్నే గుమ్మం దిగి వీధిలోకి అడుగు పెడతాం. అక్కడ గుంత ఉంటే విసుక్కుంటాం. ఎవరిదో కారు దారికి అడ్డంగా ఉంటే మరికాస్త విసుక్కుంటాం. "మునిసిపాలిటీ వాళ్ళు ఏం చేస్తున్నారో!" అనుకుంటూ పక్కనుంచి తప్పుకొని పోతాం. ఆ వీధి నిజంగా మునిసిపాలిటీదేనా, ఆ కారును అక్కడినుంచి తీయించే అధికారం ఎవరికుంది, ఆ గుంత పూడ్చే డబ్బు ఎవరి పద్దులోంచి రావాలి అన్న ప్రశ్నలు మనకు సాధారణంగా తోచవు. ఇవాళ ఆ సంగతే మీతో ముచ్చటించాలనుకుంటున్నాను.

మన బరంపురాన్నే తీసుకుందాం. ఇక్కడ పురపాలక సంఘం 1867లో ఏర్పడింది. అప్పుడు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది 1936లో కాబట్టి, మన పురపాలక సంఘం రాష్ట్రం కన్నా అరవై తొమ్మిదేళ్ళు పెద్దదన్నమాట. 2008లో అది నగరపాలక సంస్థ అయింది. 2011 జనాభా లెక్కల్లో మూడున్నర లక్షలు దాటాం. పేరు పెరిగింది, జనం పెరిగారు, బళ్ళు పెరిగాయి. పాత పేటల్లో పెరగనిది వీధి ఒక్కటే.

ఆ వీధులు కార్ల కోసం వేసినవి కావు. నడిచేవాళ్ళు, ఎడ్లబళ్ళు, జట్కాలు పోవడానికి ఏర్పడ్డవి. నేతవారి వీధుల సంగతి మన తెలుగువాళ్ళకు చెప్పనక్కర లేదు. పొద్దున్నే వీధి పొడవునా పడుగు సాచి, గంజి పెట్టి, ఎండ ముదిరేలోగా పని ముగించేవారు. వీధి అంటే ఇంటి ముందు దారి మాత్రమే కాదు, పనిచేసుకునే చోటు కూడా. పడుగు సాచినంతసేపు ఇంకో బండి రాదు, వచ్చినా ఆగుతుంది. ఎవరెప్పుడు వీధి వాడుకోవాలో వీధివాళ్ళే నిర్ణయించుకునేవారు. ఇప్పుడు ఆ నిర్ణయం ఎవరు చేస్తున్నారు?

చిన్న లెక్క వేద్దాం. ఒక కారు నిలపడానికి సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు జాగా కావాలని ఇంజనీర్ల లెక్క. ఎనిమిది మీటర్ల వీధిలో రెండు వైపులా కార్లు పెడితే మధ్యన మిగిలేది మూడు మీటర్లు. అక్కడ ఒక అంబులెన్సు, ఒక ఆటో ఎదురుపడితే రెండింటిలో ఒకటి వెనక్కి పోవలసిందే. లోపల రోగి ఉన్న బండిని వెనక్కి పొమ్మనలేం కదా, ఆటో పోవాలి. ఆటో వెనక ఇరవై మోటారు సైకిళ్ళుంటే? వీధి పక్కన కారు పెట్టి "అయిదు నిమిషాలే" అనే పెద్దమనిషి అయిదు నిమిషాలకు అరవై చదరపు అడుగులు కాదు, నూట ముప్పై చదరపు అడుగులకు పైగా ఊరి జాగాను ఊరికే వాడుకుంటున్నాడు. అదే జాగాలో తట్ట పెట్టుకున్న కూరగాయలామెను మాత్రం మనం "ఆక్రమణ" అంటాం.

ఇక వీధి ఎవరిదన్న ప్రశ్నకు వద్దాం. చూపుకు అన్నీ తారు రోడ్లే గాని, ఒక్కొక్క దానికి ఒక్కొక్క యజమాని. నగరాన్ని ఆనుకొని పోయే 16వ నంబరు జాతీయ రహదారి కేంద్ర ప్రభుత్వానిది. ఊళ్ళోని పెద్ద రోడ్లు కొన్ని రాష్ట్ర ప్రభుత్వ పనుల శాఖవి. మిగిలిన వీధులు, సందులు నగరపాలక సంస్థవి. పైన కరెంటు స్తంభాలు ఒకరివి, కింద నీటి గొట్టాలు మరొకరివి, టెలిఫోను తీగలు ఇంకొకరివి. అందుకే కొత్తగా తారు వేసిన రోడ్డును నెల తిరక్కుండా తవ్వడం మనం చూస్తుంటాం. తవ్వినవాళ్ళు రోడ్డు బాగుచేసే ఖర్చు ముందే కట్టాలని నియమం ఉంటుంది. ఎక్కువచోట్ల వాళ్ళు కడతారు కూడా. తంటా ఎక్కడంటే పూడ్చడంలో. మట్టిని పొరలు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస తోయాలి. ఒకేసారి కుమ్మరించి పైన తారు పూస్తే మొదటి వానకే అది కుంగుతుంది. మనకు కనిపించే గుంత అక్కడ పుడుతుంది.

బళ్ళు నిలిపే చోటు విషయంలో చట్టం ఏమంటుందో వింటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. 1988 మోటారు వాహనాల చట్టంలో 117వ సెక్షను ఉంది. ఏ చోట బళ్ళు నిలపవచ్చునో నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా అది అధికారమిచ్చిన వారిది. అయితే స్థానిక సంస్థను సంప్రదించి ఆ పని చేయాలి. బోర్డులు పెట్టడం గురించి 116వ సెక్షను, నిషేధించిన చోట నిలిపిన బండిని లాగించి తీయించడం గురించి 127వ సెక్షను ఉన్నాయి. లాగించే పని పోలీసులది. అంటే నిర్ణయం ఒకరిది, సలహా ఒకరిది, అమలు మరొకరిది. ముగ్గురూ ఒకచోట కూర్చుంటే అరగంట పని. విడివిడిగా ఉత్తరాలు రాసుకుంటే ఏడాది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న పట్టణంలో పనిచేశాను. ఆ బడి గేటు సరిగ్గా పెద్ద రోడ్డు మీదకు తెరుచుకునేది. సాయంత్రం గంట కొట్టగానే రెండు వందల మంది పిల్లలు ఒక్కసారిగా రోడ్డు మీద పడేవారు. ఒకరోజు ఆరో తరగతి అమ్మాయిని స్కూటరు గుద్దింది. కాలు విరిగింది. ఆ ఏడు దాదాపు మూడు నెలలు ఆ పిల్ల బడికి రాలేదు. వాళ్ళ నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు గాని, ఆయన ముఖం చూడలేకపోయేవాణ్ణి.

అర్జీ పట్టుకొని తిరిగాను. ఒక ఆఫీసులో "ఆ రోడ్డు మాది కాదు" అన్నారు. రెండో ఆఫీసులో "రోడ్డు మాదే, బోర్డు పెట్టడం పోలీసుల పని" అన్నారు. మూడోచోట "పై వాళ్ళ ఉత్తరం లేకుండా మేమేం చేస్తాం మాస్టారూ, కూర్చోండి, టీ తాగండి" అన్నారు. టీ మాత్రం బాగుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదని నాకు తరవాత తెలిసింది. ఎవరి వరకు వారు నిజమే చెప్పారు.

ఈలోగా వీధి కుర్రాళ్ళకు ఓపిక నశించి, ఒక రాత్రి సిమెంటు, ఇసుక తెచ్చి రోడ్డుకు అడ్డంగా గట్టు కట్టేశారు. మోకాలెత్తు కాదుగాని జానెడెత్తు ఉండేది. వాళ్ళను మెచ్చుకున్నాను కూడా. మూడో రోజున చీకట్లో మోటారు సైకిలు వెనక కూర్చున్న ఒక ముసలావిడ ఆ గట్టు మీద ఎగిరి పడింది. వేగ నిరోధకానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు కొలత ఇచ్చారు. ఎత్తు పది సెంటీమీటర్లు మించకూడదు, రోడ్డు పొడవు వెంట 3.7 మీటర్లు ఉండాలి, కమాను వంపు ఉండాలి, చీకట్లో కనిపించే రంగు పట్టీలు, ముందుగా హెచ్చరించే బోర్డు ఉండాలి. ఆ కొలతలో కట్టిన దాని మీద బండి మెల్లగా ఎక్కి దిగుతుంది. జానెడు గట్టు బండిని ఎగరేస్తుంది. పిల్లల్ని కాపాడాలని కట్టిన గట్టు ఒక ముసలావిడ నడుము విరగ్గొట్టింది. దాన్ని మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆ తరవాత ఒక పెద్ద గుమాస్తా ఉపాయం చెప్పాడు. ఒకే అర్జీ రాయండి, మూడు ఆఫీసుల పేర్లూ పైనే రాయండి, మూడుచోట్లా ముద్ర వేయించుకోండి, ఫలానా రోజు సాయంత్రం నాలుగింటికి వచ్చి చూడండని తేదీతో సహా అడగండి అన్నాడు. అలాగే చేశాను. ముగ్గురు ఉద్యోగులు గేటు ముందు నిలబడి గంట కొట్టడం చూశారు. పిల్లలు వరదలా వచ్చారు. అంతకన్నా నేను చెప్పవలసింది లేకపోయింది. కొలత ప్రకారం నిరోధకం వచ్చింది, బోర్డు వచ్చింది. ఎదురుగా ఉన్న దుకాణాల ముందు బళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

పనిలో పనిగా గేటు పక్కన జామకాయలు అమ్మే అమ్మను కూడా అడ్డమని రోడ్డుకు అవతల కూర్చోబెట్టారు. వారం తిరక్కుండా తెలిసింది. అంతవరకు పిల్లలు గంట కొట్టగానే ఆమె తట్ట చుట్టూ మూగి కాసేపు నిలిచేవారు. ఇప్పుడు జామకాయ కోసం రోడ్డుకు అడ్డంగా పరుగెత్తుతున్నారు! మళ్ళీ ఆమెను బతిమాలి ఇవతలికి తెచ్చుకున్నాం. "నన్నెవరూ అడగనేదు కద బాబూ" అంది. నిజమే, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ రోడ్డును చూస్తూ కూర్చునే మనిషి ఆమె ఒక్కతే. అడగాలన్న సంగతి మాకు తట్టలేదు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ఆ అడగడాన్నే నియమంగా చేసింది. పట్టణ వ్యాపార కమిటీలో కనీసం నూటికి నలభై మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. ముప్పై రోజుల నోటీసు లేకుండా ఎవరినీ తొలగించకూడదు.

మూడు ఆఫీసులు ఒకచోట కూర్చోవడం మనవల్ల కాదని మాత్రం అనకండి. మన బరంపురంలో రెండేళ్ళకోసారి బుడి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. దాదాపు నెల రోజులు అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశిబెహరా వీధిలోని తాత్కాలిక మందిరంలో ఉంటుంది. రాత్రిళ్ళు ఘటాలు సందు సందూ తిరుగుతాయి. వీధుల్లో రథాలు, బొమ్మల కొలువులు నిలబెడతారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి లక్షల మంది వస్తారు. అదే ఇరుకు వీధి, అదే కాలువ, అదే పోలీసు. అయినా ముందుగానే పోలీసులు, నగరపాలక సంస్థ, కరెంటువారు, వైద్యులు, నేతవారి పెద్దలు కలిసి కూర్చుంటారు. ఏ దారిలో బళ్ళు రాకూడదు, ఎక్కడ నిలపాలి, మంచినీళ్ళు ఎక్కడ పెట్టాలి అన్నీ తేలతాయి. యాత్రలో ఇబ్బందులు లేవని అనను. తోపులాటలూ ఉంటాయి, చెత్తా ఉంటుంది. కాని ఎవరూ "ఆ రోడ్డు మాది కాదు" అనరు. అమ్మవారు వెళ్ళిపోయాక ఇరవై మూడు నెలల పాటు ఆ కూడిక ఏమవుతుందో నాకు అర్థం కాదు.

ఆ కూడికకు చట్టంలో చోటు లేకపోలేదు. 1993 జూన్ నుంచి అమలులో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలి. 2022లో ఒడిశాలో మేయర్లను మొదటిసారి ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. కాబట్టి ఊరందరి ఓటుతో గెలిచిన మనిషి ఒకరు ఉన్నారు, అడగడానికి.

ఇక్కడ మన తెలుగువాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. తరతరాలుగా ఇక్కడే ఉన్నాం, పన్ను కడుతున్నాం. అయినా వార్డు మీటింగు అనగానే మన పెద్దలు వెనక వరసలో కూర్చుంటారు. ఒడియా మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. అర్జీ తప్పుగా రాస్తే నవ్వుతారేమోనని సంకోచం. నేను రెండు భాషలూ చదువుకున్నవాణ్ణి కాబట్టి మా వీధిలో ఆదివారం పొద్దున్న నా పని ఇదే. "మాస్టారూ, కాలువ మూత గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టండి" అని వస్తారు. రాయడానికి ముందు ఏ రోజు, ఏ ఇంటి ఎదుట, ఎంత పొడవు అని అడుగుతాను. "చాలా కష్టంగా ఉంది" అన్న వాక్యం ఎవరినీ కదిలించదు. "రాముడి గుడి ఎదుట కాలువపై మూడడుగుల పలక విరిగి ఇరవై రోజులైంది" అన్నది ఎవరో ఒకరి బల్ల మీద పనిగా మారుతుంది.

పని మొదలయ్యాక మరో సౌకర్యం ఉంది. ప్రతి పనికీ కొలతల పుస్తకం ఉంటుంది. ఎంత తవ్వారు, ఎంత కంకర వేశారు, తారు మందమెంత అన్నది ఇంజనీరు అందులో రాస్తేనే కాంట్రాక్టరుకు బిల్లు అవుతుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఆ పుస్తకం నకలు అడగవచ్చు. పనిని స్వయంగా చూడవచ్చు. వాడిన సరుకు నమూనా కూడా ధ్రువీకరించి ఇమ్మనవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఇక రోడ్డు నిర్మాణంలో, మరమ్మతులో నిర్ణీత ప్రమాణాలు పాటించనందువల్ల ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షను చేర్చారు. ఒక మనిషి కాలికి లక్ష రూపాయలు తక్కువేనని నా అభిప్రాయం. అయినా రోడ్డు తప్పుకు బండి నడిపేవాడే కాక రోడ్డు వేసినవాడు కూడా జవాబు చెప్పాలని చట్టం ఒప్పుకుంది.

మొన్న ఆదివారం వచ్చిన అర్జీ మా వీధి మలుపులో నిలిపే కార్ల గురించి. తీరా రాస్తూ ఉంటే తెలిసింది, వాటిలో ఒకటి అర్జీ తెచ్చినాయన అల్లుడిదే. కాసేపు ఇద్దరం కలం పక్కన పెట్టి కూర్చున్నాం. "రాయండి మాస్టారూ, వాడికి నేను చెప్పుకుంటాను" అన్నారాయన. రాశాను. మూడు ఆఫీసుల పేర్లూ పైనే ఉన్నాయి.