తొలివానకి ముందు, తొలివానకి తరవాత
(క్రీట్ దీవి పల్లెల్లో శరత్కాలపు పనులు)



ఆశ్వయుజం, కార్తీకం వచ్చేసరికి మన పల్లెల్లో ఏరువాక సంగతి ఎవరికీ గుర్తుండదు. వరి పొట్టకి వస్తూ ఉంటుంది, మెట్టపొలంలో వేరుశనగ పీకుతూ ఉంటారు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న పల్లెల్లో మాత్రం ఏరువాక సాగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పైరుకీ, పెరటికీ, ఇంటికీ కూడా ఏడాది అప్పుడే మొదలవుతుంది. గ్రీకు చర్చి పంచాంగంలో కొత్త సంవత్సరం వచ్చేది సెప్టెంబరు 1న.

ఆ పల్లెల తీరు తెలియడానికి గ్రీసు దేశంలోని క్రీట్ దీవిని తీసుకుందాం. తూర్పు పడమరలుగా దాదాపు 260 కిలోమీటర్ల పొడవు. నడుమ వరసగా కొండలు. వాటిలో అన్నిటికంటే ఎత్తయిన ప్సిలోరితీస్ శిఖరం 2,456 మీటర్లు. కొండల కింది వాలుల్లో రాతిగట్లు కట్టిన చిన్న చిన్న కమతాలు, వాటి నిండా ఆలివ్ చెట్లు. బైబిల్ చదివేవారికి ఒలీవ చెట్టుగా తెలిసినది అదే.

జూన్, జులై, ఆగస్టు నెలల్లో అక్కడ చినుకు పడడం అరుదు. వేసవిలో ఆ సముద్రం మీద వాయుపీడనం ఎక్కువగా ఉండి మేఘాన్ని కట్టనివ్వదు. చలికాలం వస్తుంటే ఆ పీడనం దక్షిణానికి జరుగుతుంది, పడమటి గాలులు వానని మోసుకొస్తాయి. వాన కోసం ఆషాఢంలో కాకుండా ఐప్పసిలో ఆకాశం చూసే అలవాటు చెన్నై, చెంగల్పట్టు ప్రాంతాల శ్రోతలకు ఉన్నదే. అక్కడి వర్షంలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. కారణాలు వేరు, ఎదురుచూపు ఒకటే.

ఆ ఎదురుచూపు వల్ల క్రీట్ పల్లెలో శరత్కాలపు పనులన్నీ రెండు వాటాలుగా పడతాయి. తొలివానకి ముందు చేయవలసినవి కొన్ని, తొలివాన పడ్డాక తప్ప చేయకూడనివి కొన్ని. ముందు చేయవలసింది ఆలస్యమైతే ఇల్లు కురుస్తుంది. తరవాత చేయవలసింది తొందరపడి చేస్తే విత్తనం పోతుంది.

ముందు కప్పు సంగతి. పాత క్రీట్ ఇళ్ళకి బల్లపరుపు మట్టికప్పు ఉండేది. దూలాలు, వాటి మీద రెల్లు, కంప, ఆపైన బిగువైన బంకమట్టి. వేసవి ఎండకి ఆ మట్టి నెర్రెలిచ్చేది. అందుకని సెప్టెంబరులో కొత్త మట్టి తెచ్చి పరిచి, గుండ్రటి రాతిరోలరుతో కప్పంతా దొర్లించి గట్టిచేసేవారు. వాన పడ్డాక తడిమీద మరోసారి దొర్లించడం కూడా ఉండేది. బళ్ళారి, అనంతపురం వైపు శ్రోతలకు నేను ఇంత వివరంగా చెప్పనక్కరలేదు. మట్టిమిద్దె మీద వానలకి ముందు చవుడు పరిచిన చేతులు ఆ వైపు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు క్రీట్‌లోనూ సిమెంటు కప్పులే ఎక్కువ. అయినా వానకి ముందు కప్పెక్కి ఊడ్చి, పగుళ్ళు పూడ్చి, గొట్టాల్లో ఇరుక్కున్న ఆకులు తీసే పని తప్పలేదు.

ఎందుకంటే ఆ కప్పు నీడ కోసం మాత్రమే కాదు, నీళ్ళ కోసం కూడా. ఊట తక్కువ ఉన్న ఊళ్ళలో పాత ఇళ్ళకి వాననీటి తొట్టి ఉంటుంది. ఇంటి పక్కనో, ఇంటి అడుగునో నేలలో కట్టి, లోపల గచ్చు చేసిన తొట్టి. వేసవి చివరికి నీళ్ళు అడుగంటుతాయి. అప్పుడు లోపలికి దిగి బురద తోడి, గోడలు రుద్ది, సున్నం కొట్టాలి. మొదటి వాన నీటిని తొట్టిలోకి పోనివ్వరు. నాలుగు నెలల దుమ్ము, పక్షుల రెట్ట అంతా అది కడుక్కుపోతుంది కదా, దాన్ని బయటికి వదిలేస్తారు. కప్పు శుభ్రపడిందనుకున్నాక గొట్టాన్ని తొట్టివైపు తిప్పుతారు. ఈ తిప్పడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, అర్ధరాత్రి వాన వస్తే ఇంట్లో ఎవరో ఒకరు లేచి వెళ్ళవలసిందే.

లెక్క కూడా చూడండి. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. అరవై చదరపు మీటర్ల కప్పు మీద చలికాలమంతా కలిపి 500 మిల్లీమీటర్లు కురిసిందనుకుంటే ముప్ఫైవేల లీటర్లు. అందులో కొంత ఆవిరై, కొంత వదిలేయగా మిగిలింది ఇంటి సొత్తు. తమిళనాడులో 2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసినప్పుడు మన ఇళ్ళలో వేసుకున్న లెక్కా ఇదే. అక్కడ ఏ చట్టం లేకుండానే అమ్మమ్మల కాలం నుంచి ఈ లెక్క నడిచింది.

ఇక వంటింటి పని. వానకి ముందు ఎండ ఉండగానే చేసుకోవలసినవి ఇవి. ద్రాక్ష కోత ఆగస్టు, సెప్టెంబరుల్లో అయిపోతుంది. కొంత ఎండబెట్టి కిస్‌మిస్ చేస్తారు. కొంత రసాన్ని కాచి, మన చెరకుపానకంలా నల్లటి పాకం తీసి సీసాల్లో పోస్తారు. పిండిగా మిగిలిన తొక్కల్ని పులియబెట్టి అక్టోబరు, నవంబరుల్లో రాగిబాన మీద సారా కాస్తారు. దాని సంగతి మనకి అక్కరలేదు గాని, ఆ బాన కింద నిప్పుల్లో బంగాళాదుంపలు కాల్చుకుని, దానిమ్మగింజలు నంజుకుంటూ ఊరంతా కూర్చునే రాత్రి మాత్రం వినదగ్గది.

పచ్చి ఆలివ్ కాయల ఊరగాయ ఇప్పుడే పెట్టాలి. చెట్టునుంచి కోసిన కాయ నోట పెట్టలేనంత చేదు. ఒక్కొక్క కాయని రాతిమీద పెట్టి, గింజ పగలకుండా కండ మాత్రం చిట్లేలా కొడతారు. మనం ఉసిరికాయకి గాట్లు పెట్టినట్టే. వాటిని నీళ్ళలో వేసి, వారం పదిరోజులు రోజూ నీళ్ళు మారుస్తూ చేదు దించుతారు. తరవాత ఉప్పునీళ్ళలో వేస్తారు. ఉప్పు సరిపోయిందో లేదో కొలవడానికి పచ్చి కోడిగుడ్డు నీళ్ళలో వదులుతారు. గుడ్డు తేలి, నీటిపైన నాణెమంత మేర కనిపిస్తే ఉప్పు చాలు. మునిగిపోతే ఇంకా వేయాలి. తూకంరాయి లేని ఇంట్లో కూడా తప్పని కొలత ఇది.

సెప్టెంబరు 14న వాళ్ళకి సిలువ పండుగ. ఆ రోజు చర్చిలో భక్తులకి ఇచ్చేది మన సబ్జా మొక్క కొమ్మ. తులసికి దగ్గరి చుట్టం, గ్రీకులు వసిలికోస్ అంటారు. ఆ కొమ్మని ఇంటికి తెచ్చి, దానితోనే ఏడాదికి సరిపడే కొత్త రొట్టెపులుపు తోడువేసే ఆడవాళ్ళు ఉన్నారు. చాలా పల్లెల్లో రైతులు కూడా ఆనాడే విత్తనాలు కొంచెం మూటగట్టి చర్చికి తీసుకెళ్ళి దీవెన పొందుతారు. దీవెన పొందిన విత్తనం ఇంటికి వస్తుంది, కాని నేలలో పడదు. వాన రాలేదుగా.

తొలివాన ఒక్కో ఏడు సెప్టెంబరు ఆఖరుకే వస్తుంది, ఒక్కో ఏడు నవంబరు దాకా ఊరిస్తుంది. ఇక్కడే రైతు తెలివి అంతా. ఒక జల్లు పడగానే విత్తితే గింజ మొలకెత్తుతుంది, మళ్ళీ రెండువారాలు ఎండ కాస్తే మాడిపోతుంది. అదను పదను అని మనం ఊరికే అనలేదు. పారతో జానెడు లోతు తవ్వి, అడుగుమట్టి ముద్ద అవుతుందో లేదో చూసుకుని గాని గింజ వేయకూడదు. దీనికితోడు అక్టోబరు ఆఖరులో సెయింట్ దిమిత్రియోస్ పండుగ, అంటే 26వ తేదీ ప్రాంతంలో, నాలుగు రోజులు మళ్ళీ వెచ్చబడుతుంది. దాన్ని ఆ సాధువు పేరుతోనే చిన్న వేసవి అంటారు. అప్పుడు పూచే చామంతులకి కూడా గ్రీకులో ఆయన పేరే. మన కార్తీకపు చామంతి అక్కడ ఆయన వాకిట్లో ఉందన్నమాట.

పదను దొరికాక పని ఒక్కసారిగా మీద పడుతుంది. వేసవి పెరడు తొట్టినీళ్ళు తాగి బతికింది, చలికాలపు పెరడు వాన మీద బతకాలి. కాబట్టి టమాటా, వంగ, బెండ పీకేసి మడులు తిరగేస్తారు. వెల్లుల్లి రెబ్బలు, ఉల్లి నారు, పాలకూర, క్యాబేజీ, బఠాణీ వేస్తారు. అన్నిటికంటే ముఖ్యం బాకలా చిక్కుడు. ఉత్తరాదిలో బాక్లా అంటారే, ఆ లావుగింజల కాయ. పెరట్లోనే కాకుండా ఆలివ్ చెట్ల నడుమ కూడా చల్లుతారు. మనం జనుము, పిల్లిపెసర కలియదున్నినట్టు వసంతంలో పచ్చిరొట్టగా దున్నేస్తే నేలకి నత్రజని చేరుతుంది. ఒక మాట మధ్యలో చెప్పాలి. జి సిక్స్ పీ డీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవారు ఈ గింజ తింటే ఎర్రరక్తకణాలు చితికి ప్రమాదం రావచ్చు. ఆ లోపం మధ్యధరా తీరంలోనూ ఉంది, మన దేశంలోనూ ఉంది. లోపం ఉందని డాక్టరు చెప్పినవారు దాని జోలికి పోకూడదు.

విత్తకుండా వచ్చే పంట ఒకటుంది. తొలివాన పడిన వారం పదిరోజులకి గట్లమీద అడవి ఆకుకూరలు లేస్తాయి. పెద్దవయసు ఆడవాళ్ళు చిన్న కత్తి, సంచి పట్టుకుని వంగి వంగి ఏరుతారు. ఏది తినేది, ఏది కానిది అని పేరుపేరునా చెప్పగలరు. వినాయకచవితికి తుమ్మికూర వెతికే మన ఇళ్ళ పెద్దవాళ్ళలాగే. కొంచెం చేదుగా ఉండే ఆ కూరల్ని ఉడికించి, ఆలివ్ నూనె, నిమ్మరసం పిండుకుని తింటారు. వాన వెలిసిన రాత్రి దీపం పట్టుకుని నత్తలు ఏరడం కూడా ఉంది. క్రీట్‌వారికి నత్తకూర అంటే పండగ భోజనం. మనలో కొందరికి వెగటు, మరికొందరికి నోరూరడం, ఎవరి ఇల్లు వారిది.

నవంబరు 21న మేరీమాత పండుగ వస్తుంది. విత్తులు వేసే కాలంలో వచ్చింది కాబట్టి పల్లెవాళ్ళు ఆమెని అనేక గింజల తల్లి అని పిలుచుకున్నారు. ఆనాడు గోధుమలు, శనగలు, చిక్కుళ్ళు, బాకలా, పప్పుగింజలు అన్నీ కలిపి గుగ్గిళ్ళు వండి ఇరుగుపొరుగుకి పంచుతారు. ప్రాచీన ఏథెన్స్‌లో కూడా ఇదే ఋతువులో చిక్కుడు గుగ్గిళ్ళు వండే పండుగ ఉండేది. మతం మారినా కుండ మారలేదు.

ఇక అసలు పని, ఆలివ్ కోత. నవంబరులో మొదలై జనవరి దాకా సాగుతుంది. క్రీట్‌లో ఎక్కువగా ఉండేది కొరోనెయికి అనే చిన్నకాయ రకం. నాలుగైదు కిలోల కాయకి సుమారు ఒక లీటరు నూనె. మామిడిలాగే ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గుతుంది. కోతకి ముందు కాయని కాచుకోవలసిన శత్రువు ఒక ఈగ. మన మామిడికి పట్టే పండుఈగకి దగ్గరి జాతి. మండే ఎండలో అది అణగి ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో కాస్త చల్లబడి గాలిలో తేమ రాగానే రేగి కాయలో గుడ్లు పెడుతుంది. అందుకే అక్కడి రైతు తొలివానని కోరుకుంటూనే దానికి భయపడతాడు కూడా. కొమ్మలకి ఎరద్రావకం పోసిన సీసాలు కట్టి, పడ్డ ఈగల్ని లెక్కపెడుతూ ఉంటారు.

చెట్టుకింద వలలు పరిచి కర్రలతోనూ, ఇప్పుడు యంత్రపు దువ్వెనలతోనూ కాయ రాలుస్తారు. ఆకులు ఏరి సంచులకెత్తి, వీలైతే ఆ రోజే గానుగకి చేరుస్తారు. సంచిలో కాయ వేడెక్కిందంటే నూనె పులుపెక్కుతుంది. గానుగలో నూనె కారుతుండగానే ఆమ్లం ఎంతో చూస్తారు. అది నూటికి 0.8 దాటకూడదు, రుచిలోనూ దోషం ఉండకూడదు. అప్పుడే అది మేలురకం. కూలి చాలాచోట్ల డబ్బుగా కాదు, నూనెలోనే ఒక పాలు.

ఇంతకుముందు ఈ పనికి ఇంటిల్లిపాదీ ఉండేవారు. ఇప్పుడు పిల్లలు ఇరాక్లియో, ఏథెన్స్ పట్నాల్లోనో, జర్మనీలోనో ఉన్నారు. దగ్గరున్నవారు శని, ఆదివారాల్లో వచ్చి కోసిపోతారు. 1990ల నుంచి అల్బేనియా మొదలైన దేశాల కూలీలు మిగిలిన పని అందుకున్నారు. కోత అయ్యాక కొమ్మలు నరికి, లావువి పొయ్యికి పేర్చి, సన్నవి తగలబెడతారు. మే నుంచి అక్టోబరు ఆఖరు దాకా అక్కడ అగ్నిప్రమాదాల కాలం. అప్పుడు పొలంలో నిప్పు పెట్టకూడదు.

వాన నమ్మకం మాత్రం సడలింది. స్పెయిన్‌లో 2021-22లో దాదాపు 15 లక్షల టన్నులున్న ఆలివ్ నూనె దిగుబడి, కరవు వల్లా, పూతమీద వేడిగాలి వల్లా 2022-23లో ఏడు లక్షల టన్నులకి లోపే పడిపోయింది. ధర ప్రపంచమంతటా ఎగబాకింది. వాన రాకపోవడం ఒక బాధైతే, వచ్చిన తీరు మరో బాధ. 2023 సెప్టెంబరు 5న, డానియెల్ తుఫానులో, గ్రీసు నడిమి భాగంలోని జగోరా అనే కొండపల్లెలో ఒక్కరోజులో 754 మిల్లీమీటర్లు కురిసింది.  అలాంటి వానకి ఏ తొట్టి మూతా, ఏ రాతిగట్టూ ఆగదు. ఎండిపోయి రాయైన నేల దాన్ని తాగనూ లేదు. అందుకని కొందరు పడిపోయిన పాత రాతిగట్లని మళ్ళీ కడుతున్నారు. గట్టు నిలిస్తే నీరు నిదానిస్తుంది, మట్టి ఆగుతుంది. కాని ఆ రాతిపని తెలిసినవారు అరవై దాటినవారే ఎక్కువ.

కొత్తనూనె ఇంటికి వచ్చిన రాత్రి వంట పెద్దగా ఉండదు. గట్టిగా కాల్చిన బార్లీ రొట్టెని నీళ్ళలో తడిపి, పైన ఆ పచ్చటి నూనె ధారగా పోసి, ఉప్పు చల్లుకుని తింటారు. గొంతులో కాస్త ఘాటుగా తగులుతుంది. తాజాదనానికి అదే గుర్తు. ఆదివారం సాయంత్రం పట్నం వెళ్ళే పిల్లల కారులో రెండు డబ్బాల నూనె, ఒక సీసా ఊరగాయ పెడతారు. సోమవారం పొద్దున్న మబ్బు లేకపోతే పెద్దవాళ్ళిద్దరూ వలలు మడిచి భుజాన వేసుకుని తరవాతి చెట్టు కిందికి నడుస్తారు.