వేలమున పెరిగిన వెల యెవరిది?



"కొనబోయిన కొరివి, అమ్మబోయిన అడవి" యని మన పెద్దల సామెత. గూడెం కొత్తవీధి ప్రాంతమున నివసించు మాకు ఇందులోని రెండవ సగము సామెత మాత్రమే కాదు, ఏటేటి యనుభవము. మా చుట్టును అడవియే. ఆ నీడలో కాఫీ పండును. నీడ నిచ్చు సిల్వరు ఓకు మ్రాకులకు మిరియపు తీగ యెగబ్రాకును. పండించుట మావారికి కష్టమే యైనను తెలిసిన కష్టము. అమ్ముటయే తెలియని కష్టము.

మొన్నటి మాఘమాసమున నా పూర్వశిష్యు డొకడు చిన్న సంచితో మా యింటికి వచ్చెను. సంచిలో ఎండబెట్టిన పార్చిమెంటు కాఫీ యుండెను. "మాస్టారూ! సంతకు పోయిన ఇద్దరు ముగ్గురు వర్తకులే. అందరిదీ ఒకటే మాట. ఫోనులో వేలము పెట్టినచో దేశమంతయు పాడునని మా కుర్రవాడు చెప్పుచున్నాడు. ఇంకను అందులో లాభ మున్నదా?" యని యడిగెను. అతనికి వెంటనే బదులు చెప్పలేకపోతిని. పిమ్మట నేను విచారించి తెలిసికొన్న సంగతులే నేటి ప్రసంగమున మనవిచేయుచున్నాను.

వేలము మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుని గూర్చిన ప్రకరణ మొకటి కలదు. వర్తకుడు నగరద్వారము కడ తన సరకును నిలిపి, ఇంత సరకు, ఇంత వెల, కొనువా రెవరని ముమ్మారు చాటవలెనట. నేటికిని మన వేలముపాటలలో ఒకటవసారి, రెండవసారి, మూడవసారి యని పిలుచుచునే యున్నారు. అయితే ఆ ప్రకరణమున మరియొక నియమము కలదు. కొనువారు పోటీపడి వెల పెంచినచో, పెరిగిన యా మొత్తము సుంకముతో గూడ రాజకోశమునకు చేరవలెను. అనగా పోటీవలన కలిగిన లాభము సరకు తెచ్చినవానిది కాదు! వేలము లాభమా, నష్టమా యని విచారించువాడు మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే: పెరిగిన వెల యెవరికి చేరును?

ఇక అంతర్జాలపు వేలము సంగతి. 1995లో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ అను నతడు ఈబే సంస్థను ప్రారంభించెను. అందు మొదట అమ్ముడైనది చెడిపోయిన లేజరు సూచిక. దానికి 14 డాలర్ల 83 సెంట్లు వచ్చెనని చెప్పుదురు. పనికిరానిదని మనము పారవేయు వస్తువును కోరువాడు ఎక్కడనో యొక డుండును. వానిని వెదకి చూపుటయే అంతర్జాలపు మహిమ. మన దేశమున 2000లో బాజీ డాట్ కామ్ వెలసినది. 2004లో దానిని ఈబే కొనినది. 2018 ఆగస్టులో ఈబే వారి భారతదేశపు విక్రయశాల మూతపడినది. ఈబేలోనే నేడు అధికభాగము విక్రయములు స్థిరమైన ధరకే జరుగుచున్నవి. పాట పాడి కొనువారు తగ్గిపోయిరి.

కారణము సుబోధము. వెల యెంతయో అందరికిని తెలిసిన వస్తువునకు పాట యెందుకు? క్రొత్త సబ్బుబిళ్ళకు ఎవడును వారముదినములు కాచుకొని పాడడు. వెల ఇంతయని ముందుగా చెప్పరాని వస్తువునకే వేలము శోభించును. పాతనాణెము, అపూర్వమైన చిత్తరువు, నాడు తెచ్చిన చేప, అట్టివే రుచినిబట్టి వెల మారు పంటలు. కాఫీ ఈ తుది కోవకు చెందినది. ఒకే కొండపై రెండు తోటల కాఫీ రెండు రుచులుగా నుండవచ్చును. అందుచేతనే 1999లో బ్రెజిల్ దేశమున ఉత్తమమైన కాఫీలను నిపుణులచే రుచి చూపించి, గుణములకు అంకెలు వేయించి, అంతర్జాలమున వేలము వేయు పద్ధతి ఆరంభమైనది. ఆ పద్ధతి పిమ్మట పెక్కుదేశములకు వ్యాపించినది.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. 2020లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమానము నందిన పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్ అను పండితులు వేలములనే పరిశోధించినవారు. సరకు గుణము సరిగా తెలియనపుడు, గెలిచినవాడు అవసరమునకు మించి పాడినవాడై నష్టపడు ప్రమాదము కలదు. ఆ భయముచేత బుద్ధిమంతు డగు పాటదారుడు ముందే వెనుదీసి తక్కువ పాడును. గుణమును నమ్మకముగా తెలియజేసినకొలది భయము తగ్గును, పాట పెరుగును. ఏలకుల వేలము 2007లో కేరళ, తమిళనాడు ప్రాంతములలో యంత్రములపైకి మారినది. అయినను, పాటకు ముందు పాటదారుల చేతికి మచ్చుగింజ లందుచునే యున్నవి. యంత్రము వెల చూపగలదు గాని వాసన చూపలేదు గదా! మన శిష్యుడు తన కాఫీకి ఫొటో తీసి పెట్టినంతమాత్రమున బెంగుళూరి వర్తకుడు పాడకుండుటకు హేతు విదియే.

ఇప్పుడు లెక్కకు వత్తము. పార్చిమెంటనగా పండ్లతోలు తీసి, పులియబెట్టి, కడిగి ఎండబెట్టిన కాఫీ. గింజపై పలుచని పెంకు ఇంకను ఉండును. ఆ పెంకు తీసినచో 100 కిలోల పార్చిమెంటునకు సుమారు 80 కిలోల గింజ మిగులును. వేలమున పలుకు ధర సాధారణముగ శుద్ధమైన గింజకు. ఊరిలో పలుకు ధర పార్చిమెంటునకు. ఈ రెండింటిని పోల్చి మోసపోవువారు పెక్కుమంది. లెక్క సులభముగ నుండుటకై ఊరిలో కిలో పార్చిమెంటు 400 రూపాయ లనుకొందము. 100 కిలోలకు 40,000. అంత రాబడికి 80 కిలోల గింజ కిలో 500కు అమ్మవలెను. పెంకు తీయించుటకు, సంచులకు, బండికూలికి, వేలపు రుసుమునకు 4,000 అయిన దనుకొనుడు. అప్పుడు 550కి అమ్మినగాని ఊరి ధరతో సమానము కాదు. 540 పలికెనని సంతసించినవాడు 800 రూపాయలు నష్టపోయినవాడే! 600 పలికినచో 4,000 మిగులును. కాని సొమ్ము మూడునెలలకు చేతికి వచ్చి, అంతవరకు 40,000 నూటికి నెలకు రెండురూపాయల వడ్డీకి తెచ్చుకొన్నచో 2,400 వడ్డీకే పోవును. మిగులునది 1,600.

ఈ లెక్క విని నా శిష్యుడు నవ్వి, "వడ్డీ కెవడిచ్చును మాస్టారూ? ముందు సొమ్మిచ్చినవానికే పంట తూయవలెను గదా" యనెను. ఆ మాట నా హృదయమున నాటినది. వేలమునకు ప్రాణము పాటదారుల సంఖ్య. అమ్మువానికి బలము వేచియుండగల శక్తి. పంట ఇంకను కొమ్మపై నుండగనే బియ్యమునకో, మందులకో తాకట్టుపడినచో, వానికి ప్రపంచమంతయు పాడినను పాటదారు డొక్కడే.

పూర్వ మొక మార్గము నడచినది. 1942లో, యుద్ధకాలమున, కాఫీ చట్టము వచ్చినది. దాని ప్రకారము పంట కాఫీబోర్డు పరమై, బోర్డు వేలము వేసి వచ్చిన ధనమును పండించినవారికి విడతలుగా పంచెడిది. పెరిగిన వెల రైతునకే చేరవలె నన్నది అందలి ధర్మము. విడతలకై కాచుకొని యుండుట అందలి బాధ. 1996 నాటికి ఆ పద్ధతి ముగిసెను. మా ప్రాంతమున 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొన్నియేండ్లుగా ప్రకటించిన ధరకు కాఫీ కొనుచున్నది. ఇందు సొమ్మునకు నిశ్చయము కలదు. అయితే తెలిసిన ధరకు అమ్మివేసినవానికి పిమ్మటి పాటలో పెరుగుదలపై హక్కుండదు, ప్రత్యేకముగ ఏర్పాటున్న తప్ప. నిశ్చయము, పెరుగుదల యను రెండింటిలో దేని నెంత కోరవలెనో రైతు తెలిసి కోరుకొనవలెను.

కావున నా శిష్యునికి నే నిచ్చిన సలహా యిది. ఒంటరిగా ముప్పదికిలోలతో వేలమునకు పోవలదు. పంటలో సగము ప్రకటించిన ధరకు అమ్మి ఇల్లు గడుపుకొనుము. మిగిలిన సగమును నీ వాడలోని నలుబది యేబదిమందితో కలుపుము. కలుపుటకు ముందు ఎర్రగా పండిన పండ్లనే కోయుదుమని, నేలపై గాక పట్టాలపైనో బల్లలపైనో ఎండబెట్టుదుమని ఒట్టుపెట్టుకొనుడు. ఒకని పచ్చికాయ యేబదిమంది పేరును చెరచును. మా ఆర్.వి. నగరుననే కాఫీ పరిశోధనకేంద్ర మున్నది. అచ్చటివారి నడిగి తేమయు రుచియు పరీక్ష చేయించు త్రోవ తెలిసికొనుడు. ఆ ఫలితము ముందుంచి, ఇంతకు తగ్గిన అమ్మమని సర్కారుపాట నిర్ణయించుకొని వేలమునకు పొండు. అన్నిటికన్న ముఖ్యము, పెరిగిన వెల యెట్లు పంచుకొందురో పాటకు ముందే కాగితముపై వ్రాసికొనుడు. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు వచ్చినది గదా యని ఊరకున్నచో ఆ పేరు సొమ్ము సంచి కుట్టువానికే చేరును.

అంతర్జాలపు వేలము ఇంకను లాభమా యన్నచో, నిత్యవ్యవహారపు సరకునకు ఆ కాలము దాదాపు గడచినది. గుణముచేత వెల మారు సరకునకు మాత్రము ఇంకను లాభమే, పైని చెప్పిన యేర్పాట్లు ఉన్నయెడల.

నా శిష్యుడు సంచిలోని కాఫీని నాకే యిచ్చి వెళ్ళెను. వద్దన్నను వినలేదు. మా వాడలో సభ పెట్టి మరల వచ్చెదనని చెప్పినాడు. వచ్చినపుడు అతడు తెచ్చు కాగితమును చదువుటకై వేచియున్నాను.

సెలవు.