నోటి శుభ్రతయు, మన యిండ్లలోని మిశ్రీయు
(తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగము)



ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నిర్వాహకులు కోరియున్నారు. ఆరోగ్యము మహాసముద్రము. అందుచే మేము నోటిని దాటి పోదలచుకొనలేదు. అక్షరములు నేర్పువారమగుటచే నోటితో మాకు చిరకాల సంబంధము గలదు. త, థ, ద, ధ, న అను వర్ణములకు దంత్యములని పేరు. నాలుక పండ్లను తాకినగాని యవి పుట్టవు. 'చాప', 'జాలి' అను మాటలలోని దంత్య చ, జలు తెలుగునకును, మన చుట్టునున్న మరాఠీకిని ఉమ్మడి సొత్తు. ముందుపండ్లు పుచ్చిపోయిన బాలునిచే వీనిని పలికించుట యెంత కష్టమో మా యుపాధ్యాయుల కెరుకయే.

మగ్గముల నిమిత్తము కరీంనగరము, నల్లగొండ, పాలమూరు ప్రాంతములనుండి ఈ షోలాపురము చేరిన మన పెద్దలు వేపపుల్లతోనో, కచ్చికతోనో, బొగ్గుపొడితోనో పండ్లు తోముకొనెడివారు. పుల్లను కుంచెవలె మెత్తగా నమిలి మృదువుగా తోమినచో దోషము లేదు. బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రము పంటి పైపొరను అరగదీయును. శరీరమునం దెల్ల కఠినమైన ఆ పొర అరిగిపోయిన పిమ్మట మరల పెరుగదు.

ఇచ్చటి వాడుకలలో నొకటి మన యిండ్లలోను ప్రవేశించినది. పొగాకును పెనముపై నల్లగా వేయించి, పొడిచేసి, వ్రేలితో చిగుళ్లకు రుద్దుదురు. దీనినే మరాఠీలో మిశ్రీ యనియు, మశేరీ యనియు నందురు. బీడీలు చుట్టు యిండ్లలో పొగాకు చేతి కందు దూరముననే యుండును గదా! పిప్పిపన్ను సలుపునపుడు మిశ్రీ రుద్దిన కొంత ఉపశమించినట్లు తోచును. ఆ ఉపశమనమే ప్రమాదము. నొప్పి యణగినను పుచ్చు లోలోపల సాగుచునే యుండును. పొగాకు అలవాటు మాత్రము పైన మిగిలిపోవును. ఉదయము ఒకసారి యన్నది నాలుగుసార్లగును. పంటినొప్పితో నేడ్చు ఆడపిల్లకు చిటికెడు మిశ్రీని మందుగా నిచ్చు యిండ్లు గలవని మేమెరుగుదుము. మా తరగతులలో కూర్చుండునది ఆ పిల్లలే.

"మా అత్త ఎనుబదేండ్లు వచ్చువరకు రుద్దినది, ఏమైనది?" అని యొక తల్లి మమ్ము ప్రశ్నించెను. ఆ వృద్ధురాలు అదృష్టవంతురాలు. అదృష్టమును మేము పాఠ్యప్రణాళికలో చేర్చలేము. పొగ త్రాగకపోయినను, నమలినను రుద్దినను పొగాకు నోటి క్యాన్సరును కలిగించునని రుజువైనది. వక్కయు క్యాన్సరు కారకమే యని 2004లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ప్రకటించినది. పండ్లపొడులలోను, పేస్టులలోను పొగాకు కలుపరాదని భారత ప్రభుత్వము 1992లో శాసించెను. మహారాష్ట్ర ప్రభుత్వము 2012లో గుట్కాను నిషేధించెను. కాని యింటి పెనముపై వేగు పొడిని ఏ శాసనమాపగలదు? నోటిలో తెల్లని లేక ఎర్రని మచ్చ కనబడినను, రెండు వారములకును పుండు మానకున్నను, నోరు పూర్తిగా తెరచుకొనకున్నను వైద్యునికి చూపుటలో జాగు చేయరాదు.

ఇక తీపి సంగతి. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లముగా మార్చును. ఆ యామ్లము పంటిని కరగించును. లాలాజలము దానిని విరిచివేయుటకు కొంత వ్యవధి కావలెను. కావున భోజనముతోపాటు ఒక లడ్డు తినుటకంటె, దినమంతయు పిప్పరమెంటు చప్పరించుటయే పండ్లకు ఎక్కువ చేటు. రాత్రి నిద్రలో లాలాజలము తగ్గును. మనవారు ఉదయము తోముకొనుటకు ఇచ్చు గౌరవమును రాత్రి తోముకొనుటకు ఇయ్యరు. నిజమునకు రాత్రియే ముఖ్యము. ఫ్లోరైడు గల పేస్టు, మెత్తని బ్రష్షు, రెండు నిమిషములు చాలును. చిన్నపిల్లలకు బఠాణిగింజంత పేస్టు చాలును, దానిని మ్రింగనీయరాదు.

పాచి గట్టిపడి గారయైనచో చిగుళ్లు వాచి రక్తము కారును. మధుమేహము గలవారికి చిగుళ్లవ్యాధి త్వరగా ముదురును. ఆ వ్యాధి తిరిగి రక్తములోని చక్కెరను అదుపు తప్పించును. కీళ్లజ్వరముచే గుండె కవాటములు చెడినవారికి నోటిలోని సూక్ష్మజీవులు రక్తములో చేరి గుండెకే ముప్పు తేవచ్చును. అట్టివారు పన్ను తీయించుకొనుటకు ముందు ఆ సంగతి దంతవైద్యునికి తెలుపవలెను.

కడపట ఒక్క మాట. పాలపండ్లు ఇరువది. అవి ఊడకముందే, సుమారు ఆరవయేట, వాని వెనుక ఒక్కొక్క దవడపన్ను మొలచును. ఏ పన్నును ఊడకుండ వచ్చుటచే దానిని పాలపన్నని భ్రమించి, పుచ్చినను ఊడిపోవునులే యని తల్లిదండ్రులు ఉపేక్షింతురు. అది ఊడదు, జీవితాంతము నమలవలసిన పన్ను అదియే. ఆరేండ్ల పిల్లలు గల తల్లులు సభానంతరము మొదటి తరగతి గదికి వచ్చిన యెడల, ఆ పన్ను ఎచ్చటనున్నదో పిల్లల నోటనే చూపింతుము.