పరీక్షించడం నేర్పుదాం
(బుద్ధ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆదివారపు ధమ్మ తరగతులలో కాలామ సుత్త సారాన్ని పిల్లలచేత కంఠస్థం చేయిస్తున్నాము. కేసపుత్త గ్రామంలో కాలాములకు తథాగతుడు చేసిన ఆ ఉపదేశంలో, ఒక మాటను నమ్మడానికి వినికిడి, పరంపర, గ్రంథ ప్రామాణ్యం మొదలైన పది ఆధారాలు చాలవని ఉన్నది. ఆ పదింటిలో చివరిది ‘ఈ శ్రమణుడు మన గురువు’ అనే గౌరవం. అటువంటి ఉపదేశాన్ని గురువు చెప్పినదే కనుక వల్లె వేయమంటున్నాము! మరొక సంగతి. మన బుద్ధికి తోచినదానిని నమ్మవచ్చునని ఈ సుత్తం చెప్పినట్లు మన వక్తలు తరచుగా అంటూ ఉంటారు. కాని కేవల తర్కం, ఊహ కూడా ఆ పదింటిలోనే ఉన్నాయి. ఆచరణలో ఏది హాని చేస్తున్నదో, ఏది మేలు చేస్తున్నదో స్వయంగా తెలుసుకొమ్మనడమే అందులోని ప్రధానాంశం.

పాఠశాలల స్థితి ఇంతకంటె మెరుగుగా లేదు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుని ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరింది. పాఠశాలలో మాత్రం ‘శాస్త్రీయ పద్ధతిలోని సోపానాలు వ్రాయుము’ అనేది నాలుగు మార్కుల ప్రశ్న. ఒక్క ప్రయోగమైనా చేయని విద్యార్థికి పూర్తి మార్కులు వస్తాయి.

దీనికి భిన్నమైన ప్రయత్నం మధ్యప్రదేశ్‌లో జరిగింది. 1972లో హోషంగాబాద్ జిల్లాలోని పదహారు మాధ్యమిక పాఠశాలలలో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు కలిసి ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం ప్రారంభించాయి. ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు పిల్లలు నలుగురేసి జట్లుగా ప్రయోగాలు చేసేవారు. ‘బాల్ వైజ్ఞానిక్’ అనే వారి పుస్తకంలో ప్రశ్నలు ఉండేవి, సమాధానాలు ఉండేవి కావు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు. సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తికి పిల్లలు తమ సందేహాలను ఉత్తరాలుగా వ్రాసేవారు. మూడు దశాబ్దాల తరువాత 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. పల్లెటూరి బడిలో, చవక సామగ్రితో ఇది సాధ్యమని అప్పటికే రుజువైంది.

బుద్ధుడు శాస్త్రవేత్త అని చెప్పుకోవడం మనలో ఒక అలవాటు. ఒక చరిత్ర అధ్యాపకునిగా నేను అందుకు అంగీకరించలేను. ఆయన అన్వేషించినది దుఃఖ కారణాన్ని. అయితే కారణం ఉన్నచోట ఫలితాన్ని చూడడమే కాక, కారణం తొలగినచోట ఫలితం తొలగడాన్ని కూడా చూడాలన్న ప్రతీత్య సముత్పాద దృష్టి ప్రయోగశాలకు పరాయిది కాదు. నాలుగు గ్లాసులలో శనగలు వేయించండి. ఒకదానిలో తడి గుడ్డ, రెండవదానిలో పొడి గుడ్డ, మూడవదానిలో గింజలు నిండా మునిగే నీరు, నాలుగవదానిలో తడి గుడ్డ ఉంచి, దానిని చీకటి పెట్టెలో పెట్టించండి. ఏది మొలకెత్తుతుందో ముందుగానే వ్రాయించండి. వెలుతురు లేనిదే మొలక రాదని చాలామంది వ్రాస్తారు. మూడవ నాటికి చీకటిలోని శనగలు మొలకెత్తి కనిపిస్తాయి. తాము వ్రాసినది తప్పని గింజలే చెప్పిన ఆ క్షణాన్ని ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు.

ఈ పరీక్ష మన విశ్వాసాల దగ్గర ఆగరాదు. వృద్ధుని, రోగిని, మృతుని చూచి సిద్ధార్థుడు గృహత్యాగం చేశాడన్న సంప్రదాయ కథను బాబాసాహెబు ‘బుద్ధుడు-ఆయన ధమ్మం’లో ప్రశ్నించారు. ఇరువది తొమ్మిదేండ్లు వచ్చేవరకు ఇవి అతని కంట పడలేదా అన్నది ఆయన సందేహం. శాక్య, కోలీయుల మధ్య రోహిణీ జల వివాదాన్ని ఆయన కారణంగా చూపారు. ఆ వివరణను కూడా మన పిల్లలు అదే ప్రశ్నతో పరీక్షించగలగాలి. పరీక్షిస్తే ఆయనపై భక్తి తగ్గుతుందని భయపడేవారు ఆయన పద్ధతిని పోగొట్టుకుంటారు.

ఊరి చివర దిబ్బ కనబడగానే అది స్తూపమని ప్రకటించే ఉత్సాహం మనలో ఉన్నది. ఇతరులను ఆధారాలు అడిగే మనం మన మాటకు ఆధారాలు చూపాలి కదా. పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళి, ఏమీ త్రవ్వకుండా, పైకి కనబడే ఇటుకల పొడవు, వెడల్పు, మందం కొలిపించి, నాగార్జునకొండ ప్రదర్శనశాలలోని ఇటుకలతో పోల్చమనండి. ఏది కనబడితే అది స్తూపం కాదని ఒప్పుకుంటామో ముందే వ్రాయించండి. తేలకపోతే ‘తేలలేదు’ అని వ్రాసిన పిల్లవానికి కూడా పూర్తి మార్కులు ఇవ్వాలి.

వచ్చే వర్షావాసంలోని మొదటి ఆదివారం నాడు శనగలతో ఈ తరగతి ప్రారంభించాలని సంఘానికి నా ప్రతిపాదన. గ్లాసులు, గింజలు నేను తెస్తాను.