ఎరువు పోయిన కమ్మచ్చు



మన భాషలో అప్పు, చేబదులు, ఎరువు అని మూడు మాటలు గలవు. అప్పునకు వడ్డి గలదు. చేబదులునకు తీసికొన్నంత తిరిగి యిచ్చిన చాలును. ఎరువు అట్లు కాదు. కొనిపోయిన వస్తువునే, పోయిన తీరుననే మరల తెచ్చి యీయవలెను. ఎరువు సొమ్మును గూర్చిన సామెత మీరెఱిగినదే గనుక వల్లింపను. నేను చెప్పబోవునది నగ మాట కాదు; నగ చేయు పనిముట్టు మాట.

నేను బందరునందలి చిలకలపూడిలో గిల్టునగల పనివాడను. నేను నేర్చిన పద్ధతిలో రాగికి బంగారు రేకు తొడిగి, కాచి అతికించి, ఆ తీగను కమ్మచ్చునందు పెద్ద కన్నమునుండి చిన్న కన్నమునకు వరుసగా లాగి సన్నము చేయుదుము. ఒక గ్రాము మేలిమి బంగారమును చదరపు మీటరు రేకుగా సాగగొట్టవచ్చును. ఇక మా తీగపై నిలుచు పొర యెంత పలుచనో మీరే యూహింపుడు. మేలిమి తీగకు గీటు పడినను లోపల బంగారమే. మా తీగకు గీటు పడెనా, రాగి బయటపడును. కావున కమ్మచ్చు కన్నము అద్దమువలె నున్నగా నుండవలెను.

నా ప్రక్కపీటవాడు నన్ను బావా యని పిలుచును. ఒకనాడు కమ్మచ్చు అడిగెను, ఇచ్చితిని. సాయంకాలమునకు తుడిచి తెచ్చెను. పిమ్మట వారమున కొకసారి, ఆ పిమ్మట దినమున కొకసారి. తుదకు అడుగుటయు మానెను. నాకు లోలోపల కష్టముగా నుండెను గాని, నోరు విప్పనైతిని. ఇంతమాత్రమునకా యని నలుగురు నందురని భయము.

కార్తికమున పాండురంగస్వామి యుత్సవముల ముందు పని ముమ్మరముగా నున్న దినములవి. అతడు ఇంటి చిలుకపంజరమునకు ఇనుపతీగ కావలసి, నా కమ్మచ్చులో లాగెను. నేనెఱుగను. మఱునాడు నేను తీసిన గొలుసుతీగ పొడవునను ఎఱ్ఱని చార! ఆ నష్టము నా కూలిలో పోయెను. మూడు మాసములు అతనితో మాటలాడలేదు. అతనికి కారణమును తెలియదు, నేను చెప్పనూ లేదు.

ఒక విచిత్రము చూడుడు. నా ఊదుగొట్టమును నేనెన్నడు నెవరికి నీయలేదు. అది నోట పెట్టుకొనునది. ఒకరి యెంగిలి మఱియొకరికి కూడదని మొదటినాడే చెప్పితిని. దానికై యెవ్వరును నొచ్చుకొనలేదు. ఇచ్చిన వస్తువువలననే వైరము వచ్చెను!

ఆ సంగతి తోచినపిమ్మట నేనే అతని పీటకడకు పోయి, "బావా, కమ్మచ్చు ఇక నీయను. ఇనుపతీగవలన కన్నము చెడినది. నీ తీగ తెమ్ము, నేనే లాగి యిచ్చెదను. ఆకురాళ్లు మాత్రము నీకు కావలసినప్పుడు అడిగి తీసికొనుము" అంటిని. అతని మొగము చిన్నబోయెను. "ముందే చెప్పరాదా, బావా?" అనెను. నాకు బదులు తోచలేదు. రెండు దినములు ఇద్దరమును తలవంచుకొని పనిచేసితిమి. మూడవనాడు తీగ తెచ్చి నా ముందు పెట్టెను.

తరువాత అతడు సొంత కమ్మచ్చు కొనుక్కొనెను. నిరుడు నాది పగిలినప్పుడు అతనిని ఒక్క పూటకు అడిగితిని. అతడు నవ్వి, చేయి చాచి, "తీగ యిటు తెమ్ము, బావా, నేనే లాగి యిచ్చెదను" అనెను.