గాలికి వదిలేసిన బొమ్మలు

తూకం పాఠం రోజున మా మాస్టారు త్రాసు తెచ్చేవారు కాదు, కావడి తెప్పించేవారు. ఒక బిందెలో నీళ్లెక్కువైతే భుజాన్ని అటు జరపాలి, అంతే సూత్రం. ఆయన పేరిట జరుగుతున్న ఈ సభలో శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ గురించి మాట్లాడాలనిపించడానికి కారణం ఆ కావడే.

కాల్డర్ 1898లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. తాతా తండ్రీ శిల్పులే. ఈయన మాత్రం మెకానికల్ ఇంజినీరింగ్ చదివి 1919లో పట్టా పుచ్చుకున్నాడు. ఏ ఉద్యోగంలోనూ కుదురుకోలేదు. 1926లో పారిస్ చేరి తీగ, కార్కు, గుడ్డపీలికలతో ఓ బుల్లి సర్కసు కట్టాడు. నేలమీద చతికిలబడి తానే సింహాన్ని ఆడించేవాడు, ట్రపీజు మనుషుల్ని ఎగరేసేవాడు. చూడ్డానికి పేరున్న చిత్రకారులే వచ్చేవారు. దీన్ని కుర్రతనపు సరదాగా తీసిపారేసేవాళ్లున్నారు. నేనొప్పుకోను. తూకం ఆయన చేతికి పట్టుబడింది ఆ ఆటలోనే.

1930లో చిత్రకారుడు మోండ్రియన్ స్టూడియోకు వెళ్లాడు. గోడమీద రంగురంగుల దీర్ఘచతురస్రాలు. ఇవి కదిలితే ఎంత బాగుంటుందో అన్నాడు కాల్డర్. అక్కర్లేదు, నా బొమ్మలు ఇప్పటికే పరుగెడుతున్నాయన్నాడట పెద్దాయన. కాల్డర్ ఊరుకోలేదు. మోటార్లు బిగించి రూపాలను తిప్పాడు. 1931లో కళాకారుడు మార్సెల్ డుషాంప్ వాటికి 'మొబైల్' అని పేరు పెట్టాడు. (మీ జేబుల్లో ఉన్నవాటికి ఆ పేరు రావడం చాలా తర్వాతి ముచ్చట. కాసేపు వాటి నోరు నొక్కండి.) కానీ మోటారు తిప్పిందే తిప్పుతుంది. ఆయనకు విసుగు పుట్టింది. మోటారు తీసేసి ఆ పని గాలికి అప్పగించాడు.

అలాంటి మొబైల్ ఎలా కడతారో చూడండి. ఇదిగో, నా చేతిలో ఓ తీగముక్క. ఈ కొసన 10 గ్రాముల రేకు, ఆ కొసన 30 గ్రాములది. తీగ బరువు పక్కనపెడితే, చిన్నరేకు 12 సెంటీమీటర్ల దూరాన, పెద్దది 4 సెంటీమీటర్ల దూరాన ఉండేచోట దారం కడితే చాలు. ఇప్పుడీ 40 గ్రాములూ కలిసి పైతీగకు ఒకే బిందె. అలా కింది నుంచి పైకి కట్టుకుంటూ పోవాలి. పైన మొదలుపెట్టారా, కొత్త రేకు తగిలించిన ప్రతిసారీ మళ్లీ మొదటికే. లెక్క అక్కడితో సరి. ఏ రేకు ఎప్పుడు ఎటు తిరుగుతుందో చేసినవాడికీ తెలియదు.

మన దేశంలోనూ, 1955లో అహ్మదాబాదులో సారాభాయ్ కుటుంబానికి అతిథిగా ఉండి, కాల్డర్ శిల్పాలు చేశాడు. ఎక్కడికెళ్లినా పట్టకారు జేబులోనే ఉండేది.

ఆయన చివరి పెద్ద మొబైల్ వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి. ఉక్కుతో చేస్తే బరువుకు కదలదని తేలింది. చిత్రకారుడు మతీస్ మనవడు పాల్ మతీస్, లోపల తేనెపట్టులా గదులున్న అల్యూమినియం రేకులతో దాన్ని తేలిక చేశాడు. వెడల్పు 20 మీటర్లకు పైనే. 1977లో దాన్ని వేలాడదీసేనాటికి కాల్డర్ లేడు, అంతకు ముందు ఏడాది నవంబరులోనే పోయాడు. ఆ హాల్లో మసలే గాలికే అది ఇప్పటికీ మెల్లగా తిరుగుతూ ఉంటుంది.