ఉద్దానం విద్యార్థి, ఉచిత న్యాయసహాయం

1940లో మందస జమీందారీ అడవిలో కలప కొట్టుకునే హక్కు కోసం రైతులు పట్టుబట్టగా, వారిని అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులు గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిపారు. ఆ కాల్పులలో వీర గున్నమ్మ ప్రాణాలు కోల్పోయింది. అదే ఏడు పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. మందస, వజ్రపుకొత్తూరు, కవిటి, సోంపేట ప్రాంతాలలో కొబ్బరి, జీడితోటలతో పరచుకున్న ఉద్దానం చట్టాన్ని మొదట ఎరిగింది వారెంటు రూపంలోనే. కేసు పడ్డాక వకీలును వెతుక్కోవడం అలవాటైన ఊళ్ళకు, ముందుగా వెళ్ళి అడిగి తెలుసుకునే చోటు ఒకటి ఉండవచ్చునన్న సంగతి చాలా ఆలస్యంగా చేరింది.

పేదరికం కారణంగా ఎవరికీ న్యాయం అందకుండా పోరాదని చెప్పే 39ఎ అధికరణం, 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరి 1977 జనవరిలో అమలులోకి వచ్చింది. ఆ 1977లోనే శ్రీకాకుళం దగ్గరి ఎచ్చెర్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం స్నాతకోత్తర కేంద్రం మొదలైంది. రెండూ ఒకే ఏడు పుట్టడం కాకతాళీయం. ఒకదాని ఊసు ఒకదానికి పట్టకపోవడం మాత్రం మన విద్యావ్యవస్థకు ఉన్న పాత జబ్బు. 1987లో చేసి 1995 నవంబరు 9 నుంచి అమలు చేసిన న్యాయసేవాధికార సంస్థల చట్టం, విశ్వవిద్యాలయాలలో న్యాయసేవా కేంద్రాలు, అంటే ఫీజు లేకుండా సలహా చెప్పి దరఖాస్తు రాసిపెట్టే చోట్లు, నెలకొనేలా చూడాలని 4వ సెక్షన్‌లోనే చెప్పింది. ఎచ్చెర్ల కేంద్రం కూడా 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయంగా అటువంటి విశ్వవిద్యాలయాలలో ఒకటైంది.

అయితే ఉచితంగా వకీలును పొందే అర్హులెవరో చెప్పే అదే చట్టం 12వ సెక్షన్‌లో విద్యార్థి అన్న మాటే లేదు. అందులో ఉన్నవారు స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు, పారిశ్రామిక కార్మికులు, విపత్తుల బాధితులు, రాష్ట్రం నిర్ణయించిన ఆదాయ పరిమితికి లోబడినవారు. ఉద్దానం నుంచి వచ్చిన విద్యార్థి ఈ జాబితాలోకి తన ఇంటి గుమ్మం గుండానే ప్రవేశిస్తాడు: పలాస ఫ్యాక్టరీలో జీడిపిక్కలు ఒలిచే తల్లి స్త్రీగానూ కార్మికురాలిగానూ అర్హురాలే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి తోటలను నేలమట్టం చేసినప్పుడు, చెట్లు పోయిన కుటుంబాలకు విపత్తు బాధితులుగా అదే సెక్షన్ కింద అర్హత ఏర్పడింది. ఆదాయం రుజువు చేయడానికి సాధారణంగా ప్రమాణపత్రం, అంటే అఫిడవిట్, చాలునని కూడా చట్టం వెసులుబాటు ఇచ్చింది. పరిహారం జాబితాలో తండ్రి పేరు కోసం వెతుక్కున్న డిగ్రీ విద్యార్థికి ఈ ముక్క తరగతి గదిలో చెప్పి ఉండవలసింది.

ప్రాంగణానికి సంబంధించిన చట్టాలకు కొదవ లేదు. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం ఫిర్యాదుపై చర్య తీసుకోని విద్యాసంస్థ అధిపతి నేరానికి ప్రోత్సాహకుడే అవుతాడు. లైంగిక వేధింపుల విషయంలో 2015 నాటి యూజీసీ నిబంధనలు విద్యార్థినులకూ అంతర్గత కమిటీని అందుబాటులోకి తెచ్చి, మామూలుగా మూడు నెలలలోగా ఫిర్యాదు చేయాలన్నాయి. ఇవి నోటీసు బోర్డు మీద కనిపిస్తాయి గనుక న్యాయ మార్గదర్శనమంటే ఇవే అనుకోవడం పరిపాటి అయింది.

కానీ ప్రాంగణం బయటి వ్యాజ్యం ఎంత పెద్దదో సోంపేట చూపింది. అక్కడి బీల, అంటే చిత్తడి, భూములలో థర్మల్ విద్యుత్కేంద్రాన్ని ఎదిరించిన జనంపై 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ, అంటే అప్పట్లో పర్యావరణ అనుమతులపై అప్పీళ్ళు వినిన సంస్థ, ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. చిత్తడి నేల స్వభావాన్ని కాగితం మీద పెట్టి నిరూపించే పని వీధి పోరాటంతో పాటు సాగకపోతే ఆ ఉత్తర్వు వచ్చేది కాదు.

అటువంటి కాగితాల పనికి మనుషులు కావాలి. నాల్సాగా పేరుపడిన జాతీయ న్యాయసేవాధికార సంస్థ పారా లీగల్ వాలంటీర్ల పథకం, అంటే వకీలు కాకపోయినా శిక్షణ పొంది జనాన్ని న్యాయసేవా సంస్థల దాకా నడిపించే కార్యకర్తల పథకం, విద్యార్థులను కూడా తీసుకోవచ్చునంటుంది. న్యాయశాస్త్రం చదివేవారైతే వకీలుగా నమోదయ్యేదాకా కొనసాగవచ్చు. ఎచ్చెర్లలో చదువుతూ సెలవులకు పలాస, టెక్కలి బస్సెక్కే విద్యార్థికి ఆ దరఖాస్తు అందవలసింది శ్రీకాకుళంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి.